డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు: ఆస్పత్రి వార్డు నుంచి క్యాన్సర్ మందు దాకా



ఈ ప్రత్యేక సంచికను ఆస్పత్రి సిబ్బందికి, క్యాన్సర్ రోగులకు మనవంతు సాయానికి కేటాయించాలని సంఘం నిర్ణయించినప్పుడు, నన్నూ ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. నేను వైద్యుడిని కాను. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి, ముప్పయ్యేడేళ్ళు కాలువల ఫైళ్ళు మోసి, సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. అయినా ఒక మహనీయుని జీవితం గురించి రాయడానికి నాకొక సొంత కారణం ఉంది. ముందుగా అది చెప్పుకుంటాను.

నాలుగేళ్ళ క్రితం మా అమ్మాయి కొడుకుకి, అప్పుడు వాడికి ఆరేళ్ళు, రక్త క్యాన్సర్ అని తేలింది. విజయవాడలోనే ఒక ఆస్పత్రిలో వైద్యం. మొదటి నెలలు సూదులతో, సెలైన్ సీసాలతో గడిచాయి. తర్వాత ఇంటి దగ్గర వేసుకునే మాత్రలు రాశారు. ఒక మాత్ర రోజూ వెయ్యాలి. పసుపు రంగులో ఉండే చిన్న మాత్రలు మాత్రం వారానికి ఒక్కరోజే వెయ్యాలి. జీవితమంతా తారీఖులు, తాఖీదులు చూసినవాణ్ణి కదా అని మందుల బాధ్యత నేనే తీసుకున్నాను. తీసుకుని, రోజూ వేసేదానికీ, వారానికోసారి వేసేదానికీ తారుమారు చేశాను. ఆదివారం వేసిన పసుపు మాత్రలు సోమవారం మళ్ళీ వేశాను. మంగళవారం పొద్దున మా అమ్మాయికి అనుమానం వచ్చి వార్డు సిస్టర్ గారికి ఫోన్ చేసింది. ఆవిడ ఉన్నపళంగా బిడ్డను తీసుకురమ్మన్నారు. మూడు రోజులు వార్డులో ఉంచి రక్త పరీక్షలు చేశారు. నోరంతా పూసి, పిల్లవాడు మంచినీళ్ళు తాగడానికి కూడా ఏడ్చాడు. దేవుడి దయవల్ల, సిస్టర్ గారి అప్రమత్తత వల్ల గండం గడిచింది.

ఆ మూడు రాత్రులూ వార్డు బయట బల్లమీద కూర్చుని ఆ మందుల చీటీనే చూస్తూ గడిపాను. దానిమీద ఉన్న పేరు మెథోట్రెక్సేట్. ఇంత చిన్న మాత్రలో ఇంత శక్తి ఎక్కడిది, దీన్ని కనిపెట్టిన మహానుభావుడెవరు అని వాకబు చేస్తే, ఆ కథ మన భీమవరంలో మొదలైందని తెలిసింది. విజయవాడలో రైలెక్కితే గుడివాడ, కైకలూరు, ఆకివీడు దాటగానే వచ్చే భీమవరమే. ఆ కథే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

భీమవరం బాల్యం

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, అంటే మనవంటివారే. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం నుంచి తప్పుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానం. జీతం ఆగిన ఇంట్లో అంతమంది పిల్లల సంసారం ఎలా నడిచి ఉంటుందో ఈ పత్రిక చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు.

పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు గారు చదువు మీద మనసు నిలవక, డబ్బు సంపాదిద్దామని కాశీకి బయలుదేరారు. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనవంతుడు కావాలన్నది ఆయన ఆలోచన. తల్లి పట్టుబట్టి వెనక్కి రప్పించి, మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. కొన్నాళ్ళకు తండ్రి పోయారు. కొడుకు చదువు ఆగకూడదని తల్లి ఒంటిమీది బంగారం అమ్మింది. ఆ చదువైనా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. పరీక్ష తప్పిన మనవలను చూసి నిట్టూర్చే తాతలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మద్రాసు రోజులు

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యాసం తీసుకుందామనుకుంటే తల్లి ససేమిరా అన్నది. వైద్యం చదివి రోగులకు సేవ చెయ్యడం కూడా సన్యాసం వంటిదేనని మఠంలోని పెద్దలు నచ్చజెప్పారట. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్నేహితులు కొంత, కాకినాడ ప్రాంతానికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత ఖర్చు భరించారు. 1919లో సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరి గారితో ఆయనకు వివాహమైంది.

అవి గాంధీగారి పిలుపు దేశమంతా మారుమోగుతున్న రోజులు. సుబ్బారావు గారు శస్త్రచికిత్స తరగతికి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్ళారు. ఇది ఇంగ్లీషు ప్రొఫెసరుకు నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి ఆయనకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికి ఒక మెట్టు తక్కువైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం కూడా దొరకలేదు. పై అధికారి కినుక ఒక ఉద్యోగి సర్వీసును ఎక్కడికి లాక్కుపోతుందో మనలో చాలామందికి అనుభవమే.

ఈలోగా ఇంటిమీద పెద్ద పిడుగు పడింది. అన్నదమ్ములిద్దరు కొద్దికాలం తేడాలో జబ్బులతో చనిపోయారు. ఆయనకే స్ప్రూ అనే వ్యాధి, మన వాడుకలో సంగ్రహణి వంటిది, పట్టుకుంది. తిన్నది ఒంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు. ఆ గౌరవంతోనే మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే పనిలో చేరారు. కాని ఈ జబ్బులకు మూలం ఏమిటి, మందు ఏమిటి అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. ఆ ప్రశ్నే ఆయనను సముద్రం దాటించింది.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో, మామగారు కూర్చిన సొమ్ముతో 1920ల ఆరంభంలో ఆయన అమెరికా చేరారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి వెళ్ళారు. బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వ్యాధుల విభాగంలో సీటు అయితే ఉంది గాని, స్కాలర్‌షిప్పు లేదు. మన దేశపు డిగ్రీతో అక్కడ డాక్టరుగా పనిచెయ్యడానికి వీలు లేదు.

అప్పుడు ఆయన ఏం చేశారో విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆస్పత్రిలో రాత్రి పోర్టరుగా చేరారు. అంటే మనం వార్డు బాయ్ అంటామే, ఆ పని. రోగుల బెడ్ పాన్లు, మూత్రపు పాత్రలు తీసి శుభ్రం చెయ్యాలి. మద్రాసులో వైద్యం చదివిన మనిషి, కళాశాలలో పాఠం చెప్పిన మనిషి, పగలంతా చదువుకుని రాత్రంతా ఈ పని చేశారు.

ఆ ఆస్పత్రి బల్లమీద కూర్చున్న మూడు రాత్రుల్లోనూ ఒక ఆయా గారు వేళ తప్పకుండా వచ్చి మావాడి పక్క మార్చేవారు, వాంతి అయితే తుడిచేవారు, విసుక్కోకుండా బుజ్జగించేవారు. ఆవిడ పేరు అడగాలన్న ఆలోచన కూడా నాకు మొదటి రెండు రోజులు రాలేదు. సుబ్బారావు గారి సంగతి చదివాక అందుకు సిగ్గుపడ్డాను.

కండరంలోని రహస్యం

డిప్లొమా తీసుకున్నాక సుబ్బారావు గారు హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ గారి దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి వెళ్ళింది. ఆ కొలతే ఆధారంగా 1927లో కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వెలికితీశారు. దాదాపు అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ గారు కూడా ఏ.టి.పి.ని విడిగా కనుగొన్నారు. మన చెయ్యి కదలడానికీ, గుండె కొట్టుకోవడానికీ కావలసిన శక్తిని అందించేది ఈ ఏ.టి.పి.యే. ఇంటర్మీడియట్ చదివే పిల్లలు రోజూ వల్లెవేసే మాట ఇది. దాని వెనుక ఒక భీమవరం మనిషి ఉన్నాడని ఎంతమంది పిల్లలకు తెలుసు?

1930లో డాక్టరేటు వచ్చింది. అయినా హార్వర్డ్‌లో పర్మనెంటు పదవి మాత్రం ఆయనకు దక్కలేదు. ఏళ్ళ తరబడి చిన్న హోదాలోనే పనిచేశారు. ప్రమోషన్ రాలేదని పని మానలేదు.

ఇంకొక నష్టం గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఇక్కడ ఆయనకు పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డను తండ్రి కళ్ళారా చూడలేదు. మూడేళ్ళన్న మాట ఐదేళ్ళయింది, పదేళ్ళయింది, చివరికి ఆయన తిరిగి రానే లేదు. శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు ఇటువంటివి ఒక వాక్యంలో దాటేయడం అలవాటు. లోకానికి కలిగిన లాభంలో ఆ ఇల్లాలు కట్టిన పైకం కూడా ఉందని నా మనవి.

పెర్ల్ రివర్ ప్రయోగశాల

1940లో సుబ్బారావు గారు హార్వర్డ్ వదిలి, న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కొద్దికాలానికే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆ తరువాతి ఎనిమిదేళ్ళలో అక్కడ జరిగిన పని చూస్తే ఒక మనిషి జీవితంలో ఇంత సాధ్యమా అనిపిస్తుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. దీనికీ మన దేశానికీ ముందునుంచే సంబంధం ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో, రక్తహీనతతో బాధపడే గర్భిణీ కార్మిక స్త్రీలకు ఈస్టు సారం ఇస్తే రక్తం పడుతోందని గమనించారు. అందులో ఉన్న వస్తువు ఏమిటో అప్పటికి తెలియదు. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం దాన్ని కాలేయం నుంచి వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసింది. ఇవాళ ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలోనూ గర్భిణీలకు ఐరన్‌తో కలిపి ఇచ్చేది ఇదే. ఒకప్పుడు తన ప్రాణాన్ని పీల్చిన స్ప్రూ వ్యాధికి కూడా ఇది మందుగా పనిచేసింది.

రెండవది ఫైలేరియా మందు. బోదకాలు అంటే మన డెల్టా వాళ్ళకు పరిచయం చెయ్యనక్కరలేదు. కాలువ గట్ల పల్లెల్లో ఏనుగు కాళ్ళతో బాధపడేవారిని నా ఉద్యోగపు తొలిరోజుల్లో కళ్ళారా చూశాను. దానికి కారణమైన క్రిముల మీద పనిచేసే హెట్రజాన్ అనే మందును 1947లో సుబ్బారావు గారి బృందమే అందించింది. దాని అసలు పేరు డైఇథైల్ కార్బమజైన్, క్లుప్తంగా డి.ఇ.సి. ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రలు ఇవే.

మూడవది ఆరియోమైసిన్. ఇది మన సంఘ సభ్యులు తప్పక తెలుసుకోవలసిన విషయం. విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యులు, డెబ్బై దాటిన వయసులో, లెడర్లీలో ఉద్యోగానికి చేరారు. మట్టి నమూనాలు ఒక్కొక్కటే పరీక్షించి, టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో అది లోకానికి ప్రకటితమైంది. రిటైరైన మనిషిలోని పనితనాన్ని గుర్తించిన పరిశోధనాధిపతి మన సుబ్బారావు గారు.

పసిపిల్లల ప్రాణదాత

ఇక నా పసుపు మాత్రల కథ. ఆ రోజుల్లో పిల్లలకు రక్త క్యాన్సర్ వస్తే వారాలు, మహా అయితే కొద్ది నెలలు. వైద్యం లేదు. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు గారు ఈ జబ్బు మీద పట్టుదలతో పనిచేస్తున్నారు. ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన మందులు ఇచ్చిన పిల్లల్లో జబ్బు తగ్గకపోగా ఎక్కువైనట్టు ఆయనకు కనిపించింది. క్యాన్సర్ కణం కూడా పెరగడానికి ఫోలిక్ ఆమ్లాన్నే తింటోందన్న మాట. అయితే ఆ తిండిలాగే కనిపించి, తిండి కాని పదార్థం ఇస్తే? కణం దాన్నే పట్టుకుని, పెరుగుదల ఆగిపోతుంది.

అటువంటి పదార్థాలు లెడర్లీలో సుబ్బారావు గారి బృందం తయారుచేసి బోస్టన్‌కు పంపింది. వాటిలో అమినోప్టెరిన్ అన్నిటికంటె బాగా పనిచేసింది. పదహారుమంది పిల్లలకు ఇస్తే పదిమందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. 1948 జూన్‌లో ఫార్బర్ గారు ఈ ఫలితాన్ని ప్రకటించారు. ఆ మేలు కొద్ది నెలలే నిలిచింది. పిల్లలకు జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. కాని మందుతో రక్త క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని అప్పుడు రుజువైంది. అమినోప్టెరిన్‌కు స్వల్ప మార్పుతో అదే లెడర్లీలో తయారైనది మెథోట్రెక్సేట్. 1956లో ఒక రకం గర్భాశయ క్యాన్సర్ ఈ ఒక్క మందుతోనే నయమైంది. నేడు పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కు అనేక మందుల్లో ఒకటిగా ఇది వాడుకలో ఉంది. మంచి వైద్యం సకాలంలో అందినచోట నూటికి తొంభైమంది దాకా బతుకుతున్నారు.

ఈ విజయాన్ని సుబ్బారావు గారు పూర్తిగా చూడలేదు. 1948 ఆగస్టులో, ఫార్బర్ గారి ప్రకటన వెలువడిన రెండు నెలలకే, నిద్రలో గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయనకు యాభైమూడేళ్ళు. పత్రికలవారికి దూరంగా ఉండడం, పేరు తోటివారికి వదిలేయడం ఆయన స్వభావం. పైగా అమెరికా పౌరసత్వానికి భారతీయులకు 1946లో వీలు కలిగినా ఆయన తీసుకోలేదు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ళ విడుదల చేసింది.

ఊరు కూడా కదలాలి

మందు కనిపెట్టడంతో కథ పూర్తి కాదు. అదే 1948 మే నెలలో బోస్టన్‌లో ఫార్బర్ గారి దగ్గర వైద్యం పొందుతున్న ఒక పిల్లవాడి గొంతును రేడియోలో వినిపించారు. అసలు పేరు బయటపెట్టకుండా జిమ్మీ అని పిలిచారు. వాడికి ఇష్టమైన బేస్‌బాల్ ఆటగాళ్ళు మంచం దగ్గరికి వచ్చారు. ఆట చూడడానికి ఒక టెలివిజన్ కొనిపెట్టమని అడిగితే, జనం నుంచి రెండు లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. జిమ్మీ ఫండ్ అనే ఆ నిధి ఈనాటికీ నడుస్తోంది. ఆ పిల్లవాడు బతికి, పెద్దవాడై, మనవలను ఎత్తుకున్నాడు.

మన దగ్గర అంతంత సొమ్ము లేకపోవచ్చు. కాని మనకున్నవి కొన్ని ఉన్నాయి. ఆస్పత్రి చుట్టూ తిరిగిన అనుభవంతో మూడు మాటలు సంఘం ముందు పెడుతున్నాను.

ఒకటి. రక్తదానానికి మన దేశంలో వయోపరిమితి అరవై అయిదేళ్ళు. మనలో చాలామందికి అది దాటింది. మన పిల్లలకు దాటలేదు. కీమో తీసుకునే రోగికి ప్లేట్‌లెట్లు కావాలి. అవి అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. ఏడాదికోసారి శిబిరం పెట్టి ఫొటో దిగితే చాలదు. పిలిస్తే వచ్చే పిల్లల జాబితా, గ్రూపుల వారీగా, సంఘం ఆఫీసులో ఉండాలి.

రెండు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద క్యాన్సర్ వైద్యం ఉంది. కాని దివిసీమ నుంచో, కైకలూరు లంకల నుంచో వచ్చిన కూలి కుటుంబానికి ఆ కాగితాలు ఎలా నింపాలో, ఏ కౌంటరు దగ్గర నిలబడాలో తెలియదు. మనం జీవితమంతా చేసిన పని అదే కదా. వారానికి ఇద్దరు చొప్పున ఆస్పత్రి దగ్గర కూర్చుని దరఖాస్తులు రాసిపెడితే, మన పెన్షన్లో పైసా ఖర్చు కాదు.

మూడు. మందుల చీటీ. సిస్టర్ గారి చేత పెద్ద అక్షరాలతో వారం పేరు రాయించుకోవాలి. చెప్పింది తిరిగి వారికే ఒప్పజెప్పాలి. కీళ్ళవాతానికి ఇదే మెథోట్రెక్సేట్ వాడుతున్నవారు మన సభ్యుల్లోనూ ఉన్నారు. వారానికి ఒక్కరోజే అన్నది మరవకండి. పొరపాటు జరిగితే సిగ్గుపడి దాచకండి, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి. ఇది నేను చేసిన తప్పు నుంచి చెబుతున్న మాట.

మా మనవడి చికిత్స ముగిసి ఏడాది దాటింది. పరీక్షలకు ఇంకా వెళ్ళి వస్తున్నాం, ప్రతిసారీ రిపోర్టు వచ్చేదాకా నాకు ముద్ద దిగదు. వాడు మాత్రం బడికి పోతున్నాడు, కాలువగట్టు మీద సైకిలు తొక్కుతున్నాడు. మొన్న భీమవరంలో పెళ్ళికి వెళ్తూ రైల్లో వాడికి ఈ కథంతా చెప్పాను. అంతా విని, ఆ తాతగారు రాత్రిళ్ళు నిద్ర ఎప్పుడు పోయేవాడు అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఈసారి పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ ఆయా గారిని పలకరించి, వాడి చేత దండం పెట్టించాను. మీరూ ఎప్పుడైనా ఆస్పత్రికి వెళితే, డాక్టరు గారితో పాటు రాత్రి డ్యూటీ వారిని కూడా పేరు పెట్టి పలకరించండి. సెలవు.

– ఒక విశ్రాంత గుమాస్తా, విజయవాడ